ఏడో చేప ఎండకూడదు: మూలాపేట పార్కులో బొమ్మల పని డైరీ

సంక్రాంతి వెళ్ళాక

నెల్లూరు మూలాపేటలో మా వీధి చివర కార్పొరేషన్ పార్కు ఒకటుంది. రెండు ఉయ్యాలలు, ఒక జారుడుబల్ల, ఎప్పుడూ కారుతూ ఉండే కుళాయి. అక్కడ ఏడు చేపల కథను బొమ్మలుగా పెట్టాలని వీధి సంఘం తీర్మానించింది. చెయ్యాల్సింది నేను. గుడి గోపురాల మీద సిమెంటు బొమ్మలు చెయ్యడం మా ఇంటి పని. దేవుళ్ళు, ద్వారపాలకులు, నందులు చేతికి అలవాటే. ఎండుచేప చెయ్యమని మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు.

మొదట అనుకున్న చోటు పార్కు కాదు, మూడు వీధులు కలిసేచోట నడుమనున్న మట్టిదిబ్బ. వచ్చేపోయే వాళ్ళందరి కళ్ళూ పడతాయని సంఘం వాళ్ళకు అదే ఇష్టం. కానీ రోడ్ల మీద, పేవ్‌మెంట్ల మీద, జనం వాడుకునే స్థలాల్లో కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని 2013 జనవరిలో సుప్రీంకోర్టు రాష్ట్ర ప్రభుత్వాలకు చెప్పింది. మన ఊళ్ళలో ప్రతి కూడలిలోనూ ఎవరో ఒకరు చెయ్యెత్తి నిలబడి ఉంటారు కాబట్టి ఆ ఉత్తర్వు ఎందుకొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. "చేప విగ్రహం ఎట్టవుద్దబ్బా?" అని సంఘం పెద్దాయన వాదించాడు. కాగితం మీద చేపైనా నాయకుడైనా ఒకటే. అందుకని పార్కు లోపలికి జరిగాం. దరఖాస్తులో "పిల్లల ఆట సామాను" అని రాశాం.

ఆ ఒక్క మాటతో పని తీరే మారిపోయింది. గోపురం మీది బొమ్మను కిందనుంచి దండం పెట్టుకుని చూస్తారు. ఇక్కడ ఎక్కుతారు, వేలాడతారు, సందు కనిపిస్తే తల దూరుస్తారు. అదీగాక ఈ కథ చివర వచ్చేది వేలు పెట్టడమే.

ఫిబ్రవరి

కథ అందరికీ తెలిసిందే అయినా గీతలు మొదలుపెట్టే ముందు సాయంత్రాలు పార్కు బెంచీ మీద కూర్చుని వచ్చినవాళ్ళ చేత చెప్పించుకున్నా. చేప ఎండలేదు, గడ్డిమోపు అడ్డమొచ్చింది, ఆవు మెయ్యలేదు, అవ్వ బువ్వ పెట్టలేదు, పిల్లోడు ఏడ్చాడు, చీమ కుట్టింది. దారి అందరిదీ ఒకటే. తేడాలు నడుమ. ఆవును మేపాల్సినవాడు ఒకరికి పాలేరు, ఒకరికి గొల్లవాడు, ఇంకొకరికి వట్టి పిల్లోడు. అవ్వ కొందరి కథలో అమ్మ. బొమ్మల పక్కన పెట్టే ప్రశ్నల పలక మీద ఎవరి కులం పేరూ ఉండొద్దని నేనే తేల్చి "పసులకాపరి" అని రాసుకున్నా. తర్వాత ఎవరూ అడగలేదు కూడా.

ఇంకొకటి. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్ళి, చేపలు తెచ్చి ఎండేస్తారు. అక్కణ్ణించి వాళ్ళ ఊసే ఉండదు, ప్రశ్నలు మాత్రమే వినిపిస్తాయి. అందుకని రాజుకు బొమ్మ లేదు, కొడుకులకూ లేదు. రాజులకు చాలినన్ని బొమ్మలు దేశంలో ఉన్నాయి. అడిగేవాళ్ళ చోటు ఖాళీగా వదిలేస్తే పిల్లలు వచ్చి నిలబడతారు.

గొడవంతా చీమ సైజు దగ్గర వచ్చింది. సంఘం వాళ్ళు కంప్యూటర్ సెంటర్లో వేయించిన బొమ్మలో చేపలు పెద్దవి, ఆవు ఇంకా పెద్దది, చీమ మూలన చుక్కంత. చీమ చిన్నదే కదా అంటారు. కథలో ఇంతమంది తప్పును పక్కవాళ్ళ మీదికి నెట్టుకుంటూ వస్తారు. "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అని ఎదురు ప్రశ్న వేసి నిలబడేది అదొక్కటే. నా లెక్కలో చీమ రెండున్నర అడుగులు, అవ్వ కూర్చున్న ఎత్తుకు కాస్త తక్కువ. ఇందులో రాజీ లేదని చెప్పేశా. ఆవును తగ్గించుకుందాం అన్నా.

మార్చి

ఏ చేపలు? కథ చెప్పదు. ఏడూ ఒకే రకం చేస్తే అచ్చు పోసిన ఇటుకల వరుసలా ఉంటుంది. ఎండుచేపలమ్మే పెద్దమ్మను అడిగితే పది నిమిషాల్లో తేల్చేసింది.

"నెత్తళ్ళు పొద్దున ఏస్తే సాయంత్రానికే గలగలలాడతయ్. సావడాయి తీగలాగుంటది, గాలికే ఎండుద్ది. వంజరం ముక్కలు కోసి ఉప్పు పట్టించాల. కొర్రమీను ఎండెయ్యాలంటే మాత్రం నీ తరం గాదు నాయనా. అది సచ్చేదానికే టైం తీసుకుంటది."

నిజమే. కొర్రమీను గాలి కూడా పీల్చుకోగల చేప. ఒళ్ళు తడిగా ఉంటే నీళ్ళ బయట గంటల తరబడి బతుకుతుంది. బజారులో చేపలన్నీ కదలకుండా పడి ఉంటే అదొక్కటే తపేలాలో తోక కొడుతూ ఉంటుంది. పైగా ఒళ్ళు గుండ్రం, కండ మందం. చీల్చకుండా, ఉప్పు పట్టించకుండా ఎండేస్తే పైన ఎండి లోపల కుళ్ళుతుంది. ఏడో చేప దొరికింది. మిగతా ఆరింటికి సావడాయి, చందువ, వంజరం, సొర తీసుకున్నా. నెత్తళ్ళు మరీ చిన్నవి కాబట్టి రెండు గుత్తులుగా కట్టి రెండు చేపల కింద లెక్కేశా. పెద్దమ్మ ఒప్పుకుంది.

ఆరు చేపలూ ఏడడుగుల ఎత్తున అడ్డ పైపుకు. గొలుసుకు వేలాడదీస్తే బాగుంటుందని పిల్లలన్నారు. నవంబర్ గాలివానలొచ్చే ఊరు మనది. గొలుసుకు ఊగే సిమెంటు చేప మూడో రోజుకు ఎవరి తల మీదో పడుతుంది. స్టీలు బోల్టులతో బిగించేశాం. అడ్డ పైపు మీదికి ఎవరూ ఎగబాకకుండా నిలువు పైపులకు నడుమ మెట్టులాంటిదేదీ పెట్టలేదు.

ఏప్రిల్

పొలుసుల సంగతి. మనకు దగ్గర్లో గూడూరు, సైదాపురం వైపు అభ్రకం గనులు ఎంత పేరున్నవో వేరే చెప్పాలా? చేప పొలుసుకు అంతకంటే దగ్గరి సరుకు ఇంకెక్కడ దొరుకుతుంది? రేకుల్లాంటి ముక్కలు తెచ్చి, కత్తెరతో పొలుసుల్లా కత్తిరించి, ఒక చెక్క మీద ఎపాక్సీ జిగురుతో అంటించి డాబా మీద ఎండలో పెట్టా. పక్కనే ఇంకో చెక్క మీద తెల్ల సిమెంటు పూత వేసి, తడి ఆరకముందే అభ్రకం పొడిరేకులు చేత్తో చల్లి, తాపీతో మెల్లగా అదిమా.

మొదటి చెక్క చూడ్డానికి ధగధగలాడింది. కానీ ఎపాక్సీ ఎండకు పసుపుపచ్చబడింది. రేకుల అంచుల్లో నీళ్ళు చేరి పొరలు పొరలుగా లేచింది. అభ్రకం గుణమే పొరలుగా విడిపోవడం. అందుకే వెనకటికి దాన్ని పొయ్యి కిటికీలకూ లాంతర్లకూ వాడారు. రెండో చెక్క అంత మెరవదు, గీకినా పోదు. అదే ఖాయం.

అచ్చంగా చేప ఎట్టా చేశానో రాస్తా, చేసుకునేవాళ్ళకు పనికొస్తుంది. నడుముకు 8 మి.మీ. కడ్డీ, పక్కటెముకల్లా 6 మి.మీ. కడ్డీ రింగులు. దాని మీద వెల్డెడ్ మెష్, ఆపైన చికెన్ మెష్ రెండు పొరలు, బైండింగ్ వైరుతో గట్టిగా కట్టాలి. వేలితో నొక్కితే లోపలికి పోకూడదు. ఒక పాలు సిమెంటుకు రెండు పాళ్ళ ఇసుక కలిపిన మాలు, నీళ్ళు వీలైనంత తక్కువ, మెష్ లోపలి వైపునుంచీ బయటినుంచీ రెండు చేతులతో నొక్కి ఎక్కించాలి. మొత్తం మందం అంగుళం. ఇసుక పెన్నా నదిది. నీళ్ళు మాత్రం బోరువి వద్దన్నా. మా వైపు చాలా బోర్లు ఉప్పన. ఆ ఉప్పు లోపలి ఇనుమును తినేస్తుంది, రెండేళ్ళకు బొమ్మ మీద తుప్పు చారలు దిగుతాయి. మైపాడు సముద్రం పాతిక కిలోమీటర్ల లోపే, గాలిలో ఉన్నది చాలదా? మున్సిపల్ నీళ్ళు బిందెలతో మోశాం.

మే

ఎండ. మాలు వేసిన అరగంటకే పైన వెంట్రుక పగుళ్ళు కనిపిస్తున్నాయి. పగలు పని ఆపేసి తెల్లవారుజామున, మళ్ళీ దీపాలు పెట్టుకుని రాత్రిపూట చేశాం. తడిపిన గోనెపట్టాలు చుట్టి, వాటి మీద ప్లాస్టిక్ కవరు కప్పి, వారం పైనే క్యూరింగ్. చేపలు ఎండకుండా కాపలా కాస్తున్నామని ఉయ్యాల దగ్గర పిల్లలకు భలే నవ్వు.

ఆవు పని మాత్రం నేను కోరుకున్నట్టే వచ్చింది. నిలువెత్తు ఆవు పెడితే పార్కులో చోటుండదు కాబట్టి, ప్రహరీ గోడను దూరి వస్తున్నట్టు ముందు సగమే చేశా. తల, గంగడోలు, మూపురం పార్కులోకి. వెనక సగం గోడకు అవతల వీధివైపు, బయటికి పెద్దగా రాని ఉబ్బెత్తు బొమ్మ, వేలాడే తోకతో సహా. అటునుంచి చూసేవాళ్ళకు ఆవు వెనకభాగం తప్ప ఏమీ కనపడదు. ఆ పక్క టీ కొట్టు వాళ్ళు మొదట మొహం చిట్లించారు. ఇప్పుడు గిరాకీకి గుర్తు చెప్పేటప్పుడు "ఆవు తోక దగ్గర" అంటున్నారు.

ఒంగోలు జాతే చెయ్యాలని ఎవరూ చెప్పకుండానే అనుకున్నాం. బ్రెజిల్లో ఈ జాతి పశువుల్ని మన ఊరి పేరుతోనే నెలోర్ అంటారు, అక్కడ లెక్కలేనన్ని మందలున్నాయి. అటువంటప్పుడు నెల్లూరు పార్కులో వేరే ఆవు ఎట్టా పెడతాం? అయితే నా కుర్రాళ్ళ చెయ్యి నందుల మీద తిరిగింది. మూపురం కొండంత చేసి, మెడ దున్నపోతంత చేసి పెట్టారు. అది గిత్త. కథలో ఆవు. మూపురం తగ్గించి, కొమ్ములు కాస్త సన్నగా సాగదీశాక ఆవు అయింది.

పసులకాపరి, అవ్వ, పిల్లోడు వరసగా అయిపోయారు. అవ్వ చేతిలో గరిటెకు నమూనాగా ఉదయగిరి చెక్క గరిటె ఒకటి కొనుక్కొచ్చా. పని అయ్యాక అది మా ఇంటి పప్పు గిన్నెలోకి వెళ్ళింది.

జూన్, జులై

పుట్ట. ఈ పనంతటిలో నాకు నిద్ర పట్టనివ్వంది ఇదే.

పిల్లలు వేలు పెట్టి తీరతారు. పెట్టాలనే మన కోరిక కూడా. ఎంత కంత పెట్టాలి? యూరప్‌లో ఆటస్థలాల సామానుకు ఈఎన్ 1176 అని ప్రమాణం ఉంది. వేలు ఇరుక్కునే కంతలు కనిపెట్టడానికి అందులో రెండు కడ్డీలు వాడతారు, ఒకటి 8 మి.మీ., ఒకటి 25 మి.మీ. చిన్నది దూరి పెద్దది దూరకపోతే ఆ కంతలో పిల్లల వేలు ఇరుక్కునే ప్రమాదం ఉన్నట్టు. తలకైతే లెక్క వేరు, సుమారు 89 నుంచి 230 మి.మీ. నడుమనున్న సందులు అనుమానించాలి. అంటే వేలు పట్టేంత ముద్దుగా కంత చేస్తే అదే ప్రమాదం. 25కు పైన, 89కి లోపల ఉండాలి. బజారులో దొరికే 75 మి.మీ. పీవీసీ పైపు సరిగ్గా అందులో పడింది. చెయ్యంతా పెట్టొచ్చు, తల పట్టదు. అవ్వ చంకసందు, ఆవు గంగడోలు కింద సందు కూడా ఇదే లెక్కతో మళ్ళీ కొలిచి, ఒక సందు మూసేశాం.

లోపల ఏముండాలి? బజర్, బ్యాటరీ, సెన్సర్ అని ఇంజనీరింగ్ చదివే మేనల్లుడు ఉత్సాహపడ్డాడు. మొదటి వానకు అది పోతుంది, పోయాక బాగుచేసేవాళ్ళుండరు. పైపు లోపలి అంచు చుట్టూ నైలాన్ బ్రష్ వెంట్రుకలు బిగించాం, సీసాలు కడిగే బ్రష్ లాంటివి. చెయ్యి పెడితే చిటుక్కున గుచ్చుకున్నట్టుంటుంది, నొప్పి ఉండదు. అరిగితే రెండు మరలు విప్పి మార్చుకోవచ్చు. పైపు రెండు పక్కలా తెరిచే ఉంటుంది, అవతలి వెలుతురు కనపడాలి. ఒక పక్క మూసిన కంతను మన ఎండల్లో నెల రోజులు వదిలితే తేలో కందిరీగలో కాపురం పెడతాయి. అప్పుడు నిజంగానే కుడతాయి.

ఇంతలో ఎదురింటి అవ్వ వచ్చి చూసి ఒక మాటంది. "పుట్ట కడతావుండావు, బానే ఉంది. నాగుల చవితికి పాలు పొయ్యకుండా ఎట్టుంటారు?"

ఇది నా లెక్కలో లేదు. మనవాళ్ళు పుట్ట కనిపిస్తే పసుపు కుంకుమ చల్లకుండా పోరు. వద్దని బోర్డు పెడితే ఇంకా ఎక్కువ చల్లుతారు. అందుకని పాలు పోస్తారనే కట్టాం. పైపును వాలుగా తిప్పి కింద గులకరాళ్ళ గుంటలోకి పోయేట్టు చేశా, ఏం పోసినా అందులోకి దిగిపోతుంది. పైపూత కడిగితే పోయేదిగా ఉండాలి. బంగారు రంగు పెయింటు ఎండకు వెలుస్తుంది, ఇత్తడి రేకు ఉప్పుగాలికి నల్లబడుతుంది. టైల్స్ కొట్లో విరిగిన పసుపుపచ్చ ముక్కలు దొరికాయి, తుక్కు రేటుకే. అంచులు గ్రైండర్‌తో అరగదీసి అంటించాం. దూరంనుంచి బంగారమే.

ఆగస్టు

చీమకు చీమకుర్తి రాయి. పేరు కలిసిందని కాదు, రంగు కోసం. గెలాక్సీ గ్రానైట్ నలుపులో బంగారు రంగు చుక్కలుంటాయి, ఎండ పడితే మెరుస్తాయి. బంగారు పుట్టలో పుట్టిన చీమ అట్టాగే ఉంటుంది మరి. పాలిష్ యూనిట్ల బయట పనికిరాని ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి. మూడు గుండ్లు ఏరుకుని తల, నడుము, పొట్టగా చెక్కించుకున్నాం. గ్రానైట్లో సన్నని కాళ్ళు చెక్కబోతే విరుగుతాయి. కాళ్ళు, మీసాలు స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు. సముద్రగాలికి 304 రకం కంటే 316 మేలు, అందులో మాలిబ్డినం ఉంటుంది కాబట్టి ఉప్పుకు కాస్త ఆగుతుంది. వెల్డింగ్ అన్న పొట్టకు రెండు, నడుముకు నాలుగు కాళ్ళని గుర్తులు పెట్టుకుని వచ్చాడు. నిజం చీమను భూతద్దంలో చూపించా. ఆరు కాళ్ళూ నడిమి భాగానికే ఉంటాయి. "ఇంత బరువు అంత సన్న నడుము మీదనా?" అని ఆశ్చర్యపోయి, రాయికి తూట్లు కొట్టే మెషిన్ తెచ్చాడు.

నిలబెట్టిన రోజు మళ్ళీ గొడవ. ఎర్రచీమ కదా కుట్టేది, నల్లచీమ కుట్టదు కదా అని పిల్లలందరూ ఒకటే గోల. న్యాయమైన మాటే. రాయికి ఎర్ర రంగు వెయ్యమని సంఘంలోనూ ఒకరన్నారు. గెలాక్సీ రాయి మీద రంగు వేసేవాడికి రాయి ఎందుకు? చివరికి ఎండుచేపల పెద్దమ్మే తీర్పు చెప్పింది. "అది గండుచీమ. ఎప్పుడన్నా కరిపించుకున్నారా?" ఎవరూ మాట్లాడలేదు.

సెప్టెంబర్

ప్రశ్నలకు మార్కాపురం పలకలు. మా చిన్నప్పుడు బడికి పట్టుకెళ్ళిన రాయే, ఇప్పుడు గోడలకు, గచ్చులకు వేసే టైల్‌గా పోతోంది. ఒక్కో బొమ్మ దగ్గర రెండు పలకలు. ఒకదాని మీద ప్రశ్న చెక్కి ఉంటుంది, రెండోది ఖాళీ. జవాబు పిల్లలు సుద్దముక్కతో రాసుకోవాలి. మొదటి రోజే "చేపా చేపా ఎందుకు ఎండలేదు?" కింద ఒకడు "కరెంటు లేదు" అని రాశాడు.

ఇక కుళాయి. అది కారుతుందని ఎన్నేళ్ళుగానో అందరూ తిట్టుకుంటున్నారు. దాని కిందే కొర్రమీనును పెట్టాం, చేతులు కడిగిన నీళ్ళు చేప వీపు మీదినుంచి జారతాయి. ఆ నీళ్ళు కాలువలోంచి వట్టివేరు మడిలోకి. వట్టివేరు ఒక మనిషి ఎత్తుకు పెరుగుతుంది, తడిలోనూ బతుకుతుంది, ఎండకూ తట్టుకుంటుంది. అది పెరిగి చేపకు నీడపడుతుంది. గడ్డి అడ్డమొచ్చి చేప ఎండదు, చేప మీది నీళ్ళతోనే గడ్డి పెరుగుతుంది. ఆవు మూతి సరిగ్గా మడి మీదే, మెయ్యకుండా. ఈ ఆలోచన వచ్చిన రాత్రి నాకు నేనే శభాష్ అనుకున్నా.

నీడకు దిక్కు చూసుకోవాలి. దక్షిణం వైపు నాటితే చాలనుకుంటాం. నెల్లూరు 14 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త పైన ఉంది. ఏప్రిల్ చివరినుంచి ఆగస్టు మధ్యదాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి జరుగుతాడు. అందుకని చేప చుట్టూ అర్ధచంద్రంలా నాటాం.

దోమల సంగతి అధికారులు అడిగారు, అడగాల్సిందే. నిలవున్న నీళ్ళల్లో వారం పది రోజుల్లో గుడ్డు దోమ అయిపోతుంది. కాలువకు అడుగుకు పావు అంగుళం వాలు ఇచ్చాం, మడి కింద ఇసుక, గులకరాళ్ళు. బకెట్ నీళ్ళు గుమ్మరించి, నిమిషాల్లో ఇంకిపోవడం చూపించాక సంతకం పడింది.

కార్తీకం

చవితి రోజు పొద్దున్నే ఎదురింటి అవ్వే మొదట వచ్చింది, చలిమిడి, చిమ్మిలితో. పాలు పైపులోంచి గుంటలోకి దిగాయి. మధ్యాహ్నం గొట్టం పెట్టి కడిగేస్తే టైల్స్ ఎప్పటిలాగే ఉన్నాయి. కానీ చలిమిడికి వచ్చిన నిజం చీమలు సాయంత్రం దాకా పోలేదు. ఇద్దరు పిల్లల్ని కుట్టాయి.

పెద్ద వానలు అయ్యాక వెళ్ళి చూశా. చేపల మీద పగుళ్ళు లేవు, బోల్టుల దగ్గర తుప్పు లేదు. వట్టివేరు మాత్రం జానెడు కూడా లేదు. పిచ్చిగడ్డి అనుకుని పార్కు శుభ్రం చేసే మనిషి కొడవలితో కోసేశాడు. నీడ లేదు. కుళాయి కట్టేసిన పూట కొర్రమీను మధ్యాహ్నానికే గలగల ఎండుతోంది. పలక మీద ఎవరో గుండ్రని అక్షరాలతో రాశారు: "చేపా చేపా ఎందుకు ఎండావు?" దాని కింద ఇంకో చేతిరాత: "మోపు కోసేశారు."

కోసినతన్ని అడిగితే, "మోపంటే కోసి కట్టింది గదా సార్, ఇది మొక్కలాగుంటే నాకేం తెలుసు?" అన్నాడు. ఎదురింటి అవ్వ కూడా మొదటినుంచీ ఇదే అంటోంది. గడ్డి మళ్ళీ లేచాక దుబ్బులన్నిటినీ కలిపి నడుముకు కొబ్బరి పీచు తాడు చుట్టమని అతనికే అప్పజెప్పా. తాడు కనిపిస్తే ఎవరూ కొయ్యరు, చూడ్డానికి మోపులాగా ఉంటుంది. బ్రష్ వెంట్రుకలు ఒక పక్క అప్పుడే అరిగాయి, కొత్తది తెచ్చి పెట్టాలి. సుద్దముక్కల డబ్బాకు మూత కావాలి.